జట్టులో లేనివాళ్ళకు ముందు చెప్పాలి

మా గేమ్స్ మేడం పోయిన వారం ఆదోనిలో చనిపోయారు. ఆ సంగతి నాకు ఫోన్ చేసి చెప్పింది ఆమె ఎదురింటి పెద్దామె.

"మీ మేడం ఇంక లేదు పాపా. పాల ప్యాకెట్టు గేటు కాడనే పడుండె. ఎండ పడతాండాది, ఇంగా తీసుకోలేదేమబ్బా అని పోయి చూస్తి. కుర్చీలోనే కూకోనుండె. నిద్రపోతాందనుకుంటి."

ఫోన్ పెట్టేసే ముందు, "నీ నంబరు గోడ మీద పెన్సిలుతో రాసుండె" అంది.

ఈ పెద్దామె మా మేడంతో మాట్లాడి చాలా ఏళ్ళయింది. ఒకప్పుడు తన కూతుర్ని జట్టులోకి తీసుకోలేదని పలకరింపు మానేసింది. ఆ కూతురి పెళ్ళికి వీధిలో అందరినీ పిలిచి మేడంను పిలవలేదు. అయినా పాల ప్యాకెట్టు తీసుకోలేదని గమనించింది ఆమే. వేరే ఎవరూ గమనించలేదు.

మీలో చాలామందికి మా మేడం తెలియదు. ఆమె పేరున్న క్రీడాకారిణి కాదు. ఒక బాలికల హైస్కూల్లో పీఈటీగా చేరి, అక్కడే రిటైరయ్యారు. ఏటా పిల్లల్లోంచి పన్నెండు మందిని బాస్కెట్‌బాల్ జట్టుకు ఎంచేవారు. తక్కిన ఏడాదంతా ఆమె చేసిందల్లా ఆ పనికి సిద్ధం కావడమేనని నాకిప్పుడు అనిపిస్తుంది. నేనూ అదే పని చేస్తున్నాను కాబట్టి అలా అనిపిస్తుందేమో.

నూలు చీర, కింద తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో నల్లదారానికి విజిల్. రోజూ అదే వేషం. విజిల్ ఊదడం మాత్రం తక్కువ. సెలక్షన్ రోజుల్లో అందరు పీఈటీలూ రింగు కింద నిలబడితే, ఆమె కోర్టు మూలకు కుర్చీ వేయించుకుని, బాలు ఉన్న వైపు కాకుండా రెండో వైపుకు తిరిగి కూర్చునేవారు. మాకది అర్థమయ్యేది కాదు.

"మేడం మనల్ని చూసేదే ల్యా మేయ్. కాకుల్ని చూస్తాంది" అని నాగవేణి నవ్వేది. నాగవేణి నాతో పాటు ఆడే పిల్ల. వాళ్ళ నాన్న ఆదోనిలోనే దూది మిల్లులో పని చేసేవాడు. పొడగరి. రింగులో బాలు వేయడం మా అందరికన్నా ఆమెకే బాగా వచ్చు.

మేడం విన్నారు. "కాకుల్ని కాదు లే, నిన్నే చూస్తాండా. నీ చేతిలో బాలు లేనప్పుడు నువ్వేం జేస్తాండావో అది చూస్తాండా" అన్నారు.

"ఏం జేస్తాండా మేడం?"

"జడ సరి జేసుకుంటాండావు."

అందరం నవ్వాం. నాగవేణి జడ వదిలేసి వెంటనే పరిగెత్తింది. బాలు పట్టుకున్న పిల్లను లోకమంతా చూస్తుంది, మిగతా నలుగురినీ చూసేవాళ్ళు ఒకరైనా ఉండాలి అనేవారు మేడం. ఎవరైనా బుట్టలో వేస్తే చప్పట్లు కొట్టేవారు కాదు. "ఆ పిల్లకు దారి ఇచ్చిందెవరు?" అని అడిగేవారు. ఒక్కోసారి మాలో ఎవరికీ తెలిసేది కాదు. దారి ఇచ్చిన పిల్లకు కూడా తెలిసేది కాదు.

సెలక్షన్ మొదలైన రోజు నుంచి పేర్లు చెప్పేదాకా ఆమె ఎవరింట్లోనూ టీ కూడా తాగేవారు కాదు. స్టాఫ్ రూంలో ఎవరైనా తమ ఇంటి నుంచి తెచ్చింది పెట్టినా ముట్టేవారు కాదు. తోటి టీచర్ల కూతుళ్ళు కూడా ఆడేవాళ్ళు కదా. ఎవరి స్కూటరూ ఎక్కేవారు కాదు. స్టేషన్ వెనక ఉన్న ఇంటికి ఒక్కరే నడిచి పోయేవారు. మామూలు రోజుల్లో పొద్దున టిఫిను బండి దగ్గర మాతో పాటు నిలబడి ఉగ్గాని బజ్జీ తినే మనిషి, ఆ రోజుల్లో ఆ వీధి దాకా వచ్చేవారు కాదు.

పేర్లు చెప్పే పద్ధతి కూడా వేరు. అందరు పీఈటీలూ ప్రార్థనప్పుడు జట్టు పేర్లు చదువుతారు. పేరు లేని పిల్ల నలుగురి ముందు ఏడుపు ఆపుకుంటూ నిలబడాలి. మా మేడం జట్టులో లేనివాళ్ళకు ముందు చెప్పేవారు. ముందురోజు సాయంత్రం ఒక్కొక్కరినే నీళ్ళ ట్యాంకు పక్కకు పిలిచి, ఏది బాగుందో, ఏది లేదో చెప్పేవారు. ఎవరినైతే పిలవలేదో వాళ్ళు జట్టులో ఉన్నట్టు. కాబట్టి మేమందరం ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని, మేడం మా పేరు పిలవకూడదని దేవుళ్ళకు మొక్కుకునేవాళ్ళం.

మా ఊరు ఎమ్మిగనూరు దారిలో, రోడ్డు మీద దిగి లోపలికి నడిచి పోవాలి. నేను రోజూ బస్సులో ఆదోనికి వచ్చి చదువుకునేదాన్ని. మాకు పొలం కొంచెమే. వానలు లేని ఏడు అదీ పండదు. మా చేలో పత్తి అయిపోయాక ఇతరుల చేలలో ఏరడం, అదీ అయిపోయాక ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోవడం. మావైపు దాన్ని సుగ్గికి పోవడం అంటారు. పిల్లల్ని కూడా తీసుకుని పోతారు. పోయిన పిల్లలు మళ్ళీ బడికి వస్తారో లేదో ఎవరూ చెప్పలేరు.

జట్టులో ఉన్న ఊర్ల పిల్లలకు మాత్రం మేడం బడిలో ఒక గది తెరిపించేవారు. ఆటలయ్యేదాకా అక్కడే తిండి, అక్కడే పడక. ఆటలయ్యాక కూడా పరీక్షల దాకా వాళ్ళను ఎవరూ ఖాళీ చేయించేవాళ్ళు కాదు. ఈ సంగతి నేను మా నాన్నకు చెప్పాను.

"అట్లయితే సరే. జట్టులోకి తీసుకుంటే ఆడనే ఉండు. ల్యాకుంటే మాతో రా. వయసొచ్చిన పిల్లను ఒక్కదాన్నే ఇంట్లో యాడ ఇడిసిపెట్టి పోయేది?" అన్నాడు.

అది తొమ్మిదో తరగతి. సెలక్షన్ సోమవారం వచ్చింది. శని, ఆదివారాలు అమ్మతో కలిసి పత్తి ఏరాను. పత్తి ఏరినవాళ్ళకు తెలుసు, పగిలిన కాయ కొనలు ఎండి సూదుల్లా ఉంటాయి. దూదిని లాగేటప్పుడు గోళ్ళ చుట్టూ చీరుకుంటాయి. ఆదివారం సాయంత్రానికి నా వేళ్ళు ముద్ద కలపడానికి కూడా రాలేదు.

పొద్దున బస్సుకు ముందు అమ్మ ఆముదం వెచ్చచేసి తెచ్చింది. "ఈ ఏళ్ళతో ఏం పట్టుకుంటావే ఆ బాలును. ఇటు తే" అని ఒక్కో వేలికీ పట్టించి, అరచేతులకూ రుద్దింది. "ఇప్పుడు సూడు, నొప్పే తెల్దు. బాగ ఆడుకో పో."

నొప్పి నిజంగానే తెలియలేదు. బాలు చేతిలో నిలవలేదు. పాసు వస్తుంది, పట్టుకుంటాను, సబ్బులా జారిపోతుంది. పావడాకు తుడుచుకున్నాను. మట్టి రుద్దుకున్నాను. ఆముదం అంత సులువుగా పోయేది కాదు.

"ఏమ్మేయ్, బాలుకు నీ మీద కోపమొచ్చిందా?" అంది నాగవేణి.

మేడం మూల కుర్చీలోంచి చూస్తూనే ఉన్నారు. సాయంత్రం నా పేరు పిలిచారు.

"నీ కాళ్ళు మంచివి. చూపు ఇంకా మంచిది. బాలు యాడికి వస్తాదో అందరికన్నా ముందు నీకే తెలుస్తాంది. కానీ వచ్చిన బాలు నీ చేతుల్లో నిలవల్యా. మొన్నటిదాకా నిలబడె. ఈ దినం ఏమాయ?"

నేను చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. పత్తికి పోయానని చెబితే, సెలక్షన్ ముందు పనికి ఎందుకు పోయావంటారని భయం. అమ్మ ఆముదం పూసిందంటే నవ్వుతారని సిగ్గు. ఏమీ లేదు మేడం అన్నాను. ఆమె ఇంకొకసారి అడగలేదు. ఆ మర్నాడు పేర్లు చదివారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు మేము లారీ ఎక్కాం.

మిరప చేల గురించి ఎక్కువ రాయను. వేళ్ళ మంట సంగతి మావైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. అక్కడ నాతో పాటు నా ఈడు పిల్లలు చాలామంది ఉండేవాళ్ళు. పనయ్యాక ఏదో ఒకటి ఆడేవాళ్ళం. బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో వాళ్ళకు తెలియదు. రెండు చేతులతో పైకి వేసేది అని చెబితే, "ఎవరి మీద?" అని అడిగింది ఒక పిల్ల.

మేము లేనప్పుడు మేడం మా ఊరికి వచ్చారు. అది తిరిగి వచ్చాక మా పక్కింటి అవ్వ చెప్పింది. బడికి ఎందుకు రావడంలేదో కనుక్కుందామని వచ్చి, తాళం చూసి, అవ్వ గడప దగ్గర కూర్చున్నారట.

"మీ మేడం, 'మంచిగ ఆడే పిల్ల అవ్వా. ఆ దినమే ఏమాయనో, బాలు చేతిలో నిలవలేదు' అనె" అని అవ్వ చెప్పుకొచ్చింది. "యాడ నిలుస్తాది తల్లీ, పత్తికి ఏళ్ళన్నీ చీరకపోయినాయని వాళ్ళమ్మ ఆముదం పట్టిచ్చి పంపె కదా అంటి. నీళ్ళు ఇస్తే చెంబు ఒళ్ళో పెట్టుకోని అట్లే కూకునె. బస్సు వచ్చె, పోయె. లేసిందే ల్యా. మీ మేడం పిచ్చిదేమే?"

మేము తిరిగి వచ్చిన వారంలోనే ఆమె మళ్ళీ వచ్చారు. బడిలో అప్పటికి పరీక్షలు అయిపోయాయి. నేను పేడ చేతులతో ఉన్నాను. కడుక్కుని రమ్మన్నారు. కడుక్కుని వచ్చాక, "చేతులు చూపు" అన్నారు. చూపించాను. తిప్పి చూశారు. తోలు ఊడి కొత్త తోలు వస్తోంది. నా వైపు కాకుండా నాన్న వైపు తిరిగారు.

"పాపను బడికి పంపన్నా."

"జట్టులోకి తీసుకుంటావా మేడమ్మా?"

"అది ఇప్పుడు చెప్పేది కాదు."

"మరి దేనికి పంపల్ల?"

"చదువుకోడానికి."

నాన్న నవ్వాడు. "నీకు బ్యారం ఆడేది రాదు మేడమ్మా. తీసుకుంటా అని ఒక్క మాట అనుంటే నేను ఎగబడి పంపుదును గదా."

"అబద్ధం చెప్పి తీసుకపోతే, రేపు నా చేతులారా వెనక్కి పంపాల్సి వస్తాదన్నా" అన్నారు మేడం.

నాన్న ఏమనుకున్నాడో, పంపాడు. కానీ ఈ తూరి కూడా జట్టులో లేకపోతే ఇంక బడి మాట ఎత్తొద్దని నాకు గట్టిగా చెప్పాడు. తొమ్మిది మళ్ళీ చదివాను.

ఆ ఏటి నుంచి మేడం సోమవారం సెలక్షన్ పెట్టలేదు. పత్తి రోజుల్లో సోమవారాలు గేటు దగ్గర నిలబడి, ఊర్ల నుంచి వచ్చే పిల్లల్ని చేతులు చాపమనేవారు. గోళ్ళు చూస్తున్నారేమో అనుకునేవాళ్ళు కొత్త పిల్లలు. చూసి, ఈ దినం నువ్వు పరిగెత్తు చాలు, బాలు ముట్టొద్దు అని పంపేవారు. రిటైరయ్యేదాకా అలాగే చేశారని తర్వాతి పిల్లలు చెప్పారు. నాతో మాత్రం ఆముదం మాట ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. తప్పయిందనలేదు. నేను కూడా అడగలేదు.

ఆ ఏడు జట్టులో చివరి చోటు దగ్గర నాగవేణీ నేనూ మిగిలామని మాకిద్దరికీ తెలుసు. ఆమె బాలు వేస్తే పడేది. నేను వేస్తే ఒకసారి పడేది, ఒకసారి పడేది కాదు. సాయంత్రం మెట్ల మీద పక్కపక్కనే కూర్చున్నాం. మేడం ఒకరిని పిలిచారు, ఇంకొకరిని పిలిచారు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. తర్వాత, "నాగవేణీ" అని వినిపించింది.

ఆమె తిరిగి వచ్చి నా పక్కన కూర్చోలేదు. "నువ్వుండావు పోమ్మే" అని కుళాయి దగ్గరికి పోయి చాలాసేపు నీళ్ళు తాగింది.

అలా నాకు బడిలో చోటు దొరికింది. రెండేళ్ళు ఆ గదిలో పడుకుని పది పాసయ్యాను. ఆడింది తక్కువే. ఎక్కువసేపు బెంచీ మీదే కూర్చున్నాను. బెంచీ మీద కూర్చున్నప్పుడు ఒక ఆలోచన మొదలైంది. మేడం నన్ను ఆట చూసి తీసుకున్నారా, పోయిన ఏటి పొరపాటు దిద్దుకోవడానికి తీసుకున్నారా? మొదటిదైతే ఈ చోటు నాది. రెండోదైతే నాగవేణిది. ఒకరిని అడిగితే తేలిపోయే మాట. ఆ ఒకరు మేడం. అడిగితే ఆమె అబద్ధం చెప్పరని తెలుసు కాబట్టే అడగలేకపోయాను.

నేను వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, ఎమ్మిగనూరు వైపు ఒక బడిలో పీఈటీగా చేరాక, ఏటా సెలక్షన్ ముందు మేడంకు ఫోన్ చేసేదాన్ని. ఎవరిని తీసుకోవాలో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. "పిల్లల గురించి చెప్పు" అనేవారు. నేను ఒక్కొక్కరి గురించి చెబుతూ పోతే వింటూ ఉండేవారు. చెప్పడం అయిపోయేసరికి ఎవరి దగ్గర నా గొంతు తడబడిందో నాకే తెలిసిపోయేది. "సరే, పెట్టేస్తాండా" అని ఫోన్ పెట్టేసేవారు. ఏ ఏడూ ఇంకో మాట ఎక్కువ లేదు. పండగకు రమ్మంటే వచ్చేవారు కాదు. "నీ ఊర్లో పిల్లలుంటారు, నేను నీ ఇంట్లో తిన్నానని రేపు నీకు మాటొస్తాది" అనేవారు. రిటైరయ్యాక కూడా అదే మాట.

చావుకు పోయినప్పుడు ఆ ఇంటి ముందు జనం తక్కువే. మేడం అన్నకొడుకు ఒకడు బళ్ళారి నుంచి వచ్చి పనులు చూశాడు. ఎదురింటి పెద్దామె అందరికీ నీళ్ళు ఇస్తోంది. అరుగు మీద నాగవేణి కూర్చుని ఉంది. లావయింది, జుట్టు తెల్లబడింది. అయినా ఆ పొడుగును బట్టి గుర్తుపట్టాను. ఆలూరులో కిరాణా అంగడి నడుపుకుంటోందట.

"ఏమ్మే, బాలు పట్టుకునేది నేర్చుకుంటివా?" అంది నన్ను చూసి.

పక్కన కూర్చున్నాను. పెద్దామె ఇచ్చిన నీళ్ళు తాగాను. తర్వాత నేనే అన్నాను.

"నువ్వు నాకన్నా బాగ వేస్తాంటివి నాగవేణీ."

"అవు. వేస్తాంటి."

"మరి నన్నెందుకు తీసుకునెనో."

"నేను అడిగితిలే" అంది. "పెండ్లయినాక ఒగ దినం బజార్లో కనపడితే ముఖం మీదనే అడిగితి. ఆ పిల్ల మీద జాలితో తీసుకుంటివి గదా మేడం అంటి."

"ఏమనె?"

"ఏమంటాది. 'అట్ల గాకూడదనే మీ ఇద్దర్నీ మళ్ళీ మళ్ళీ ఆడిస్తిని. ఎన్నిసార్లు చూసినా సరిసమానంగనే ఉంటిరి. అప్పుడు జాలి పని చేసిందో ల్యాదో నాకే తెల్దు నాగవేణీ' అనె. తెల్దు అని నా ముందర ఒప్పుకునె. ఇంక ఏం కొట్లాడల్ల ఆమెతో?"

నాగవేణి కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటకే అనుకుంటాను. "నేను నవ్వితి. ఆమె నవ్వల్యా. వక్కాకు కొనిస్తానంటే వద్దనె. అట్లే నడుచుకుంట పాయ."

ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్న నాకొక్కదానికే ఉందనుకున్నాను. మేడంకు కూడా ఉంది. ఇద్దరం ఫోనుకు చెరో వైపు కూర్చుని, ఏడాదికొకసారి వేరే పిల్లల గురించి మాట్లాడుకున్నాం.

ఈ సంవత్సరం మా బడిలో సెలక్షన్ నిన్న అయింది. పదకొండు మంది విషయంలో తడబాటు లేదు. చివరి చోటుకు ఇద్దరు మిగిలారు. ఒక పిల్ల సి.బెళగల్ వైపు నుంచి, ఇంకొక పిల్ల ఆ దారిలోనే ఇంకో ఊరి నుంచి వస్తారు. ఇద్దరి ఇళ్ళకూ త్వరలో తాళాలు పడతాయి. నేను కూడా మేడం లాగే జట్టు పిల్లలకు బడిలో గది తెరిపిస్తాను, జట్టులో లేనివాళ్ళనే ముందు పిలిచి చెబుతాను. ఎవరిని పిలవకపోతే ఆ పిల్ల ఉంటుంది, ఎవరిని పిలిస్తే ఆ పిల్ల పోతుంది. ఫోన్ చేతిలోకి తీసుకుని, మళ్ళీ సంచిలో పెట్టేశాను. పిల్లల గురించి పైకి చెప్పుకుందామని చూశాను. ఖాళీ కోర్టులో వినేవాళ్ళు లేకుండా ఆ మాటలు ముందుకు సాగలేదు.

"రేపు చెప్తా, పోండి. బస్సు పోతాది" అన్నాను.

ఇద్దరూ గేటు దాకా నడిచి, అక్కడి నుంచి పరిగెత్తారు. బస్సు కదలబోతుంటే కండక్టర్ తలుపు కొట్టి ఆపాడు. నేను గోడ దగ్గర నిలబడి చూస్తున్నాను. బస్సు నిండుగా ఉంది. వెనకాల ఒక్క సీటు మాత్రం దొరికినట్టుంది, ఇద్దరూ అందులోనే ఒదిగి కూర్చున్నారు. ఒక పిల్ల రెండు సంచులూ ఒళ్ళో పెట్టుకుంది. రెండో పిల్ల కిటికీ అద్దం పైకి ఎత్తడానికి ప్రయత్నిస్తోంది. అది రావడం లేదు. అప్పుడు ఇద్దరూ కలిసి ఎత్తారు.